435 వరుసల పట్టిక

2020 అధ్యక్ష ఎన్నికల్లో అమెరికా ఈశాన్య కొసన ఉన్న మెయిన్ రాష్ట్రంలో జో బైడెన్‌కు సుమారు 53 శాతం, డోనాల్డ్ ట్రంప్‌కు 44 శాతం ఓట్లు వచ్చాయి. రాష్ట్రం మొత్తానికి లెక్క అది. ఆ రాష్ట్రంలో ప్రతినిధుల సభ నియోజకవర్గాలు రెండే. పోర్ట్‌లాండ్ నగరం ఉన్న మొదటి దానిలో బైడెన్‌కు 60, ట్రంప్‌కు 37. బాంగర్, లూయిస్టన్ పట్టణాలు, వాటిని దాటి కెనడా సరిహద్దు దాకా అడవులు ఉన్న రెండో దానిలో ట్రంప్‌కు 52, బైడెన్‌కు 45. 53–44 అన్న రాష్ట్ర లెక్క ఈ రెంటిలో దేనికీ సరిపోదు. రెండు వేరు రాజకీయాలను కలిపి సగటు తీస్తే వచ్చిన అంకె అది. ఆ అంకె చెప్పే తీరులో ఓటేసిన నియోజకవర్గం మెయిన్‌లో లేదు.

ఇలా అధ్యక్ష ఎన్నిక ఫలితాన్ని దేశంలోని 435 నియోజకవర్గాలకూ విడదీసి చూపే పట్టిక ఒకటి ఉంది. ఒక్కో వరుసకు ఒక్కో నియోజకవర్గం. పక్కన అక్కడి సభ్యుడి పేరు, పార్టీ. ఆ పక్కన అధ్యక్ష అభ్యర్థులిద్దరికీ వచ్చిన శాతాలు, వాటి వెంట అంతకుముందు ఎన్నికల శాతాలు. పైకి కనిపించేది అంతే. విలేకరులు, పార్టీల వ్యూహకర్తలు, రాజనీతి శాస్త్రం బోధించేవాళ్లు దాన్ని చేతి పుస్తకంలా వాడుకుంటారు. ఫలానా రిపబ్లికన్ సభ్యుడి నియోజకవర్గంలో అధ్యక్ష పదవికి డెమొక్రాట్ అభ్యర్థికే ఆధిక్యం వచ్చిందని వార్తల్లో చదువుతాం కదా, ఆ మాట వెనక చాలాసార్లు ఉండేది ఇలాంటి పట్టికే. ఆ పట్టికను తయారుచేసిన పనితనాన్ని తెలుగు పాఠకులకు పరిచయం చేయాలన్నది నా కోరిక. ఇంత ఓపిక, ఇంత నిజాయితీ కలిసిన లెక్కల పని అరుదు.

ఇంత మౌలికమైన లెక్కను ప్రభుత్వమే ఇవ్వదా? చాలా రాష్ట్రాల్లో ఇవ్వదు, ఇవ్వాల్సిన పనీ లేదు. 48 రాష్ట్రాల్లోనూ, రాజధాని వాషింగ్టన్‌లోనూ మొత్తం మీద ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నవారికే అధ్యక్షుణ్ణి లాంఛనంగా ఎన్నుకునే అక్కడి ఎలక్టోరల్ ఓట్లన్నీ దక్కుతాయి. ఏ నియోజకవర్గంలో ఎవరికి ఎన్ని వచ్చాయో లెక్కించకుండానే అధ్యక్షుడు ఎన్నికైపోతాడు. మెయిన్ 1972 ఎన్నిక నుంచి, నెబ్రాస్కా 1992 ఎన్నిక నుంచి వేరే దారి పట్టాయి. అక్కడ రెండు ఎలక్టోరల్ ఓట్లు రాష్ట్ర విజేతకు, తక్కినవి నియోజకవర్గానికి ఒకటి చొప్పున అక్కడక్కడి విజేతకు వెళ్తాయి. కాబట్టి ఆ రెండు రాష్ట్రాలకు ఈ లెక్క తప్పనిసరి. కాలిఫోర్నియా లాంటివి ఎన్నికల నివేదికకు అనుబంధంగా ప్రచురిస్తాయి. మిగతా చోట్ల అధ్యక్షుడి ఓట్లు ప్రధానంగా కౌంటీల వారీగా బయటికి వస్తాయి. కౌంటీ అంటే రాష్ట్రం కింద మన జిల్లా లాంటి పరిపాలన విభాగం.

చిక్కు మొదలయ్యేది అక్కడే. నియోజకవర్గాల సరిహద్దులు కౌంటీల సరిహద్దుల వెంటే నడవాలన్న నియమం లేదు. నియోజకవర్గాల జనాభా సాధ్యమైనంత సమానంగా ఉండి తీరాలని 1964లో వెస్‌బెరీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. 2020 జనగణన ప్రకారం ఒక్కో నియోజకవర్గానికి సగటున 7 లక్షల 61 వేల మంది రావాలి. ఆ కొలతకు తగ్గట్టు కౌంటీలు అమరవు. కొన్నిటిని కోయక తప్పదు. పెద్ద నగరాలున్న కౌంటీలు మూడు నాలుగు ముక్కలైన సందర్భాలూ ఉన్నాయి. పదేళ్లకోసారి జనగణన జరిగాక గీతలు మళ్లీ మారతాయి.

నియోజకవర్గం వారీగా అమెరికా రాజకీయాన్ని చదివే అలవాటుకు పుస్తక రూపం ఇచ్చినవారిలో మైకేల్ బరోన్, గ్రాంట్ ఉజిఫుసా, డగ్లస్ మాథ్యూస్ ముందుంటారు. వాళ్లు కూర్చిన ‘ఆల్మనాక్ ఆఫ్ అమెరికన్ పాలిటిక్స్’ 1972లో మొదలైంది. అధ్యక్ష ఓట్లను నియోజకవర్గాలకు పంచే గణితాన్ని పోలిడేటా సంస్థ తరఫున క్లార్క్ బెన్సెన్ ఏళ్ల తరబడి చేశారు. ఆ లెక్కల ఆధారంగానే చార్లీ కుక్ 1997లో ఒక సూచికను తయారుచేశారు. దేశ సగటుతో పోలిస్తే ఫలానా నియోజకవర్గం ఏ పార్టీ వైపు ఎన్ని పాయింట్లు మొగ్గిందో అది ఒక అక్షరం, ఒక అంకెలో చెబుతుంది. తర్వాతి తరంలో ఈ పనిని అందరి కళ్లముందూ పెట్టింది స్వింగ్ స్టేట్ ప్రాజెక్ట్. డేవిడ్ నిర్ 2003లో మొదలుపెట్టిన ఆ వేదిక 2008 ఎన్నిక తర్వాత ఈ లెక్కను భుజాన వేసుకుంది. 2011లో డైలీ కోస్ సంస్థలో కలిసింది. 2024లో ‘ది డౌన్‌బ్యాలట్’ పేరుతో మళ్లీ సొంతంగా నిలబడింది. ఇంటి పేరు మారినా పని ఆగలేదు. పట్టిక ఒక్కటే ఇచ్చి ఊరుకోకుండా, కౌంటీ కౌంటీకీ తాము ఎలా విడదీశారో చూపే కాగితాలను కూడా ఎవరైనా తెరిచి చూసుకునేలా పెట్టడం వీళ్ల ప్రత్యేకత.

ఇక పని దగ్గరికి వద్దాం. ఒక కౌంటీ పూర్తిగా ఒకే నియోజకవర్గంలో ఉంటే చేయాల్సింది కూడిక మాత్రమే. కౌంటీ చీలితే ప్రిసింక్ట్ దాకా దిగాలి. ఓట్లు లెక్కించే అతి చిన్న ప్రాంతం ప్రిసింక్ట్. దాదాపు మన పోలింగ్ కేంద్రం పరిధి అనుకోవచ్చు. ఏ ప్రిసింక్ట్ ఏ నియోజకవర్గంలో ఉందో పట్టుకుని, అక్కడి ఓట్లను అటో ఇటో చేర్చాలి. మిన్నెసోటా లాంటి రాష్ట్రాలు ప్రతి ప్రిసింక్ట్ ఫలితాన్నీ, దాని నియోజకవర్గాన్నీ కంప్యూటర్ చదవగలిగే రూపంలో చక్కగా అందిస్తాయి. అంత చక్కగా ఇవ్వని చోట్ల కౌంటీ కార్యాలయాలను ఒక్కొక్కటిగా అడిగి తెచ్చుకోవాలి. ఒక కౌంటీ స్కాన్ చేసిన కాగితాలు పంపుతుంది, ఇంకో కౌంటీ ప్రిసింక్ట్‌ల పేర్లు ఒక తీరులో, నంబర్లు మరో తీరులో రాస్తుంది. వీటన్నిటినీ ఒక వరుసకు తేవడంలోనే సగం శ్రమ పోతుంది.

అంత చేసినా కొన్ని ఓట్లకు చిరునామా దొరకదు. ముందస్తుగా గానీ తపాలా ద్వారా గానీ వచ్చిన ఓట్లను కొన్ని కౌంటీలు ప్రిసింక్ట్‌లకు పంచకుండా ఒకే రాశిగా చూపిస్తాయి. కౌంటీ రెండు నియోజకవర్గాల్లోకి చీలి ఉంటే ఆ రాశిలో ఏ ఓటు ఏ వైపుదో కాగితం చెప్పదు. ఈ పట్టిక పనితనానికి అసలు పరీక్ష ఇక్కడే.

లెక్క తేలిక కావడం కోసం ఒక కౌంటీని ఊహించుకుందాం. దాని తూర్పు ముక్క ఒక నియోజకవర్గంలో, పడమటి ముక్క మరో దానిలో ఉన్నాయి. పోలింగ్ రోజున తూర్పున మొదటి అభ్యర్థికి 30 వేలు, రెండో అభ్యర్థికి 20 వేలు వచ్చాయి. పడమట మొదటివారికి 10 వేలు, రెండోవారికి 40 వేలు. చిరునామా లేని తపాలా ఓట్లలో మొదటివారివి 8 వేలు, రెండోవారివి 6 వేలు. రెండు ముక్కల్లోనూ మొత్తం 50 వేల చొప్పునే పోలయ్యాయి గనక తపాలా ఓట్లను చెరిసగం చేయాలని తోస్తుంది. అప్పుడు తూర్పున మొదటివారికి 34 వేలు, రెండోవారికి 23 వేలు అవుతాయి. అంటే మొదటివారికి 60 శాతానికి కాస్త తక్కువ. కానీ తూర్పున బలమున్న అభ్యర్థికి తపాలా ఓట్లూ తూర్పు నుంచే ఎక్కువ వచ్చి ఉంటాయి కదా. అందుకే ఏ అభ్యర్థి ఓట్లను ఆ అభ్యర్థి బలం ప్రకారమే పంచాలి. మొదటివారి 8 వేలు మూడుకు ఒకటి నిష్పత్తిలో 6 వేలు, 2 వేలుగా విడిపోతాయి. రెండోవారి 6 వేలు ఒకటికి రెండు నిష్పత్తిలో 2 వేలు, 4 వేలు అవుతాయి. ఇప్పుడు తూర్పున 36 వేలు, 22 వేలు. మొదటివారి శాతం 62 దాటింది. పడమట మొదటి పద్ధతిలో 24 శాతం పైన ఉన్న అదే అభ్యర్థి రెండో పద్ధతిలో 21 దగ్గర ఆగుతాడు. లోపల అడిగే ప్రశ్న ఒక్కటి మారితే రెండు మూడు పాయింట్లు మారిపోయాయి. పోటీ నువ్వా నేనా అన్నట్టున్న నియోజకవర్గంలో విజేత పేరు తారుమారు కావడానికి అంత తేడా చాలు.

2020లో ఈ జాగ్రత్త ఇంకా అవసరమైంది. కరోనా కాలంలో డెమొక్రాట్లు తపాలా వైపు, రిపబ్లికన్లు పోలింగ్ రోజు వైపు మొగ్గారు. పోలింగ్ రోజు ఓట్లను చూసి కౌంటీ మొత్తానికి ఒకే అంచనా కట్టినవాడు తప్పులో కాలేస్తాడు. అభ్యర్థి వారీగా పంచినవాడికి ఆ ప్రమాదం చాలావరకు తగ్గుతుంది.

ఇంకో చిక్కు ఉంది. కొన్నిసార్లు నియోజకవర్గపు గీత ప్రిసింక్ట్ మధ్యలోంచే పోతుంది. అధ్యక్ష ఓట్లు మొత్తంగానే ఉంటాయి. అయితే అదే రోజు జరిగిన ప్రతినిధుల సభ పోటీ ఓట్లు గీతకు ఇటు ఎన్ని, అటు ఎన్ని అన్నది వేరుగా దొరుకుతుంది. రెండు నియోజకవర్గాల్లో పోటీ చేసింది వేరు వేరు అభ్యర్థులు గదా. ఆ నిష్పత్తిని తెచ్చి అధ్యక్ష ఓట్లకు వర్తింపజేస్తారు. ఒక ప్రశ్నకు జవాబు దొరకనప్పుడు పక్క ప్రశ్నకు దొరికిన జవాబును సాక్షిగా పిలవడమన్నమాట. తనిఖీలూ అలాంటివే. ముక్కలన్నీ కూడితే రాష్ట్రం ప్రకటించిన మొత్తానికి ఒక్క ఓటు తేడా లేకుండా సరిపోవాలి. అధ్యక్షుడికి ఓటేసి కింది పదవుల గడి ఖాళీగా వదిలేసేవాళ్లు ఉంటారు గనక మామూలుగా నియోజకవర్గంలో అధ్యక్ష ఓట్ల మొత్తం సభ పోటీ మొత్తం కంటే కొంచెం ఎక్కువ ఉంటుంది. ఎక్కడైనా తక్కువ తేలితే ఏదో ప్రిసింక్ట్ తప్పు గదిలో పడిందేమోనని వెనక్కి వెళ్లి వెతకాలి.

ఈ పనిలో నేను అన్నిటికంటే గౌరవించేది దాని తెలివిని కాదు, దాని సత్యనిష్ఠను. లెక్కించిన ఓటు ఏదో, అంచనా వేసిన ఓటు ఏదో కలిపేయకుండా ఉంచడం అంకెలతో పనిచేసేవాళ్లకు అంత తేలిక కాదు. దశాంశం తర్వాత ఒక అంకె వేస్తే చాలు, అంచనా కూడా సత్యంలా కనిపిస్తుంది. కౌంటీ కాగితాలు బయట పెట్టినప్పుడు ఆ ముసుగు ఉండదు. ఎవరైనా తెరిచి, పంపకం సరిగా లేదనిపిస్తే చెప్పవచ్చు, రుజువు చూపితే అంకెను దిద్దించవచ్చు. పట్టిక మీద నమ్మకం పుట్టింది ఈ తెరిచిన తలుపు వల్లే.

ఈ శ్రమ ఏం చూపిస్తుందో తెలియాలంటే నెబ్రాస్కా రెండో నియోజకవర్గాన్ని చూడాలి. 2020లో ఆ రాష్ట్రం ట్రంప్‌కు 58, బైడెన్‌కు 39 శాతం ఇచ్చింది. లింకన్ నగరం ఉన్న మొదటి నియోజకవర్గం 56–41తో రాష్ట్ర సగటుకు దగ్గరగానే ఉంది. రాష్ట్రంలో అత్యధిక భాగాన్ని ఆక్రమించిన మూడో దానిలో ట్రంప్‌కు 75, బైడెన్‌కు 22. ఒమాహా నగరం కేంద్రమైన రెండో దానిలో బైడెన్‌కు 52, ట్రంప్‌కు 45. ఒమాహా వాసులు 2008లో బరాక్ ఒబామాకు, 2012లో మిట్ రామ్నీకి, 2016లో ట్రంప్‌కు, 2020లో బైడెన్‌కు, 2024లో కమలా హారిస్‌కు ఎలక్టోరల్ ఓటు ఇచ్చారు. 2008లో ఒబామా అక్కడ ఒక్క శాతానికి కాస్త పైన ఆధిక్యంతో నెగ్గాక, 2011 పునర్విభజనలో ఆఫట్ వైమానిక స్థావరం, బెల్వ్యూ పట్టణం మొదటి నియోజకవర్గానికి వెళ్లాయి. సార్పీ కౌంటీ పడమటి శివార్లు ఇటు వచ్చాయి. 2021లో గ్రామీణ సాండర్స్ కౌంటీ కలిసింది. గీత జరిగిన ప్రతిసారీ పాత ఓట్లను కొత్త గీతల్లో మళ్లీ లెక్కిస్తే తప్ప ఒమాహా ఓటరు మారాడా, ఒమాహా నియోజకవర్గమే మారిందా అన్నది తేల్చలేం. అంతేకాదు, బైడెన్‌ను గెలిపించిన 2020లోనూ, హారిస్‌ను గెలిపించిన 2024లోనూ ఇదే నియోజకవర్గం సభకు రిపబ్లికన్ డాన్ బేకన్‌ను పంపింది. మెయిన్ రెండో నియోజకవర్గం అద్దంలో బొమ్మలా తిరగబడి, ట్రంప్‌ను గెలిపించిన ఆ రెండు ఎన్నికల్లోనూ సభకు డెమొక్రాట్ జారెడ్ గోల్డెన్‌నే ఎన్నుకుంది.

పాత ఓట్లను కొత్త గీతల్లో లెక్కించడం ఈ కళలో అతి సూక్ష్మమైన భాగం. పెన్సిల్వేనియాలో 2016లో ట్రంప్ 44,292 ఓట్ల తేడాతో గెలిచాడు. ఒక్క శాతం కూడా కాదు. కానీ అప్పటి 18 నియోజకవర్గాల్లో 12 ట్రంప్‌వి, 6 హిల్లరీ క్లింటన్‌వి. 2018 జనవరిలో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ పటాన్ని కొట్టేసి, ఫిబ్రవరిలో కొత్త పటం ఇచ్చింది. అవే ఓట్లను కొత్త పటంలో లెక్కిస్తే 10–8 అయింది. ఒక్క ఓటరు మనసు మార్చుకోలేదు, ఒక్క ఓటు అటూ ఇటూ కాలేదు. గీత ఎంత పని చేస్తుందో ఇంతకంటే స్పష్టంగా ఏ వాదమూ చెప్పలేదు. అదే రాష్ట్రంలో 2012లో ఒబామా అయిదు పాయింట్లకు పైగా ఆధిక్యంతో నెగ్గినా 18లో 13 నియోజకవర్గాలు రామ్నీవే. నియోజకవర్గానికో ఎలక్టోరల్ ఓటు అనే మెయిన్, నెబ్రాస్కా పద్ధతి దేశమంతా పెడితే న్యాయం జరుగుతుందనేవాళ్లు ముందు ఈ వరుసలు చదవాలి. 2012లో దేశవ్యాప్తంగా ఒబామాకు 209, రామ్నీకి 226 నియోజకవర్గాలు దక్కాయి. ప్రజల ఓటు మాత్రం స్పష్టంగా ఒబామాదే.

టెనెసీ ఇంకో పాఠం. నాష్‌విల్ నగరమున్న డేవిడ్‌సన్ కౌంటీ 2020లో బైడెన్‌కు 64 శాతానికి పైగా ఓటేసింది. 2022 ఎన్నికల కోసం వేసిన కొత్త పటం ఆ కౌంటీని మూడు ముక్కలు చేసి, ఒక్కో ముక్కను చుట్టుపక్కల గ్రామీణ కౌంటీలతో కలిపింది. ఆ మూడు నియోజకవర్గాలూ రిపబ్లికన్లను ఎన్నుకున్నాయి. అప్పటిదాకా నాష్‌విల్‌కు ప్రాతినిధ్యం వహించిన డెమొక్రాట్ జిమ్ కూపర్ మళ్లీ పోటీ చేయనని ప్రకటించారు. కౌంటీల జాబితా చూస్తే నాష్‌విల్ ఉంది. నియోజకవర్గాల పట్టిక చూస్తే అది ఏ వరుసలోనూ పైకి తేలదు. రెండు పట్టికలనూ పక్కపక్కన పెట్టుకున్నవాడికే ఆ మాయం కావడం కనిపిస్తుంది.

దశాబ్దాల వరుసలు పేర్చి చూస్తే మరో మార్పు తెలుస్తుంది. అధ్యక్ష పదవికి ఒక పార్టీని, సభకు మరో పార్టీని ఎన్నుకున్న నియోజకవర్గాలు 1972లోనూ 1984లోనూ 190 ప్రాంతంలో ఉండేవి. 2016 నాటికి 35 మిగిలాయి. 2020లో 16, 2024లోనూ 16. మనిషిని చూసి వేసే ఓటు తగ్గి, పార్టీని చూసి వేసే ఓటు పెరిగిందన్న విషయాన్ని ఎన్ని ఉపన్యాసాలైనా చెప్పవచ్చు. రుజువు చేసేది మాత్రం ఈ పట్టికే.

తెలుగు పాఠకుడికి ఈ పని పూర్తిగా పరాయిది కాదు. మన లోక్‌సభ ఫలితాలు అసెంబ్లీ సెగ్మెంట్ల వారీగా వస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో 25 లోక్‌సభ స్థానాలకు 175, తెలంగాణలో 17 స్థానాలకు 119, అంటే రెండు చోట్లా ఒక్కో స్థానానికి సరిగ్గా ఏడు సెగ్మెంట్లు. తుది ఫలితాల పత్రమైన ఫారం 20లో పోలింగ్ కేంద్రాల వారీ ఓట్లూ ఉంటాయి. పోస్టల్ బ్యాలట్లు మాత్రం ఏ కేంద్రానికీ చేరకుండా విడిగా నిలబడతాయి, అమెరికా కౌంటీల్లో తపాలా రాశిలాగే. మన గీతలు పెద్ద ఎత్తున చివరగా మారింది 2008 డీలిమిటేషన్‌లో. 2009 ఎన్నికలు ఆ కొత్త సరిహద్దుల్లోనే జరిగాయి. 2026 తర్వాత జరిగే మొదటి జనగణన దాకా లోక్‌సభ, అసెంబ్లీ సీట్ల పంపకాన్ని రాజ్యాంగం స్తంభింపజేసింది. ఆ గడువు దాటాక గీతలు కదిలితే, పాత ఓట్లను కొత్త సరిహద్దుల్లో లెక్కించి చూపగలిగినవాళ్లు మనకూ కావాలి. ఏ పట్టణం ఎన్ని ముక్కలైందో, ఏ మండలం ఎటు పోయిందో, దానివల్ల ఎవరి బలం ఎంత మారిందో పార్టీ కార్యాలయాలు తమ కోసం ఎలాగూ లెక్కించుకుంటాయి. ఓటరుకూ అదే లెక్క అందాలి. అందుకు ముడిసరుకు ఫారం 20 రూపంలో మన దగ్గర ఉంది, పద్ధతి ఈ పట్టిక చేసినవాళ్లు దాచుకోకుండా చూపించారు. కావలసిందల్లా కేంద్రం కేంద్రానికీ కూర్చుని కూడే ఓపిక, తెలిసినదాన్ని తెలిసినట్టూ అంచనాను అంచనాగానూ రాసే నిజాయితీ.